బేతాళుడు ముందే ఎందుకు చెప్పలేదు?

వడపళని, చెన్నై
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే వాదనకి దిగుతావు. అందుకే ఉత్తరం. మొత్తం చదివాకే నోరు విప్పు.

శుక్రవారం రాత్రి ఒకటే వాన. ఎనిమిదింటికే కరెంటు పోయింది. పాప కథ చెబితేగాని పడుకోనంది. మా అమ్మ బైండు చేయించి దాచిన పాత చందమామలు నువ్వు చూశావుగా, ఆ అట్టలు చీకిపోయినవి. ఒకటి తీసి సెల్ లైటు వెలుతురులో బేతాళ కథ మొదలుపెట్టాను. చందమామ చిత్రకారుడు శంకర్ గారి బొమ్మ మీద పాప వేలు పెట్టి, భుజాన వేలాడే శవం నుంచి రాజు చేతిలో కత్తి దాకా మెల్లగా గీసుకుంటూ వెళ్ళింది. ఆయన 2020లో పోయారు. ఆ బొమ్మ మాత్రం ఇంకా పిల్లల్ని అలా కట్టిపడేస్తోంది.

అసలు కథ కూడా మొత్తం చెప్పాను. సన్యాసి రోజూ పండు తెచ్చివ్వడం, కోతి కొరికితే అందులోంచి రత్నం పడటం, శవాన్ని తెమ్మని రాజు దగ్గర మాట తీసుకోవడం, చివర్లో బేతాళుడు ఆ సన్యాసి గుట్టు బయటపెట్టడం. అంతా విని పాప అడిగింది: "నాన్నా, వాడు చంపేస్తాడని బేతాళుడికి ముందే తెలుసుగా? మొదటే చెప్పెయ్యొచ్చుగా?"

జవాబు తోచలేదురా. అది పడుకుంది, నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చావు నువ్వు.

జిమ్ బుచర్ రాసిన ఇంగ్లీషు మంత్రగాడి నవలలు, డ్రెస్డెన్ ఫైల్స్, నాలుగో పుస్తకంతో ఆపేశావు కదా. షికాగోలో మంత్రగాడు హ్యారీ ఆఫీసుకి ఫేరీల (మాయజాతి) రాణి మ్యాబ్ మామూలు క్లయింటులా వస్తుంది. కాగితాలు చింపే కత్తిని అతని చేతిలోకే దిగేలా చేస్తుంది. "కారణం లేకుండా క్రూరత్వం, రచయితకి ఇంకేం తోచలేదు" అన్నావు. ఆ పుస్తకం 2002లో వచ్చింది. ఆ కారణం బయటపడేది 2012లో, పద్నాలుగో పుస్తకంలో. ముగింపు చెప్పేసినా ఫర్వాలేదన్నావు గనక చెప్పేస్తున్నా. మన లోకానికి ఆవల ఒక ద్వారం ఉంది. దాన్ని బద్దలుకొట్టి లోపలికి రావాలని చూసే శక్తులున్నాయి. వాటిని రాత్రింబవళ్ళు ఆపుతున్నది మ్యాబ్ సైన్యమే. మనం రాక్షసి అనుకున్నావిడ సరిహద్దులో కాపలా కాస్తోందిరా!

ఆ పద్నాలుగో పుస్తకం మొదట్లోనే ఇంకో సంగతి ఉంది. హ్యారీ లేవలేని స్థితిలో మంచాన పడి ఉంటాడు. మ్యాబ్ దగ్గరుండి సేవ చేస్తుంది, అంతలోనే దిండు తీసి మొహం మీద అదుముతుంది. ఆ తర్వాత రోజుకో రకంగా చంపబోతుంది. తప్పించుకుని తప్పించుకునే వాడు మళ్ళీ మనిషవుతాడు. ఆవిడ చేసే వైద్యం అదే.

ఇప్పుడు బేతాళుణ్ణి చూడు. రాజు మౌనం వీడిన ప్రతిసారీ శవం చెట్టెక్కేస్తుంది. చిన్నప్పుడు మనకది బేతాళుడి గెలుపులా, రాజు ఓటమిలా అనిపించేది. కానీ శవం శ్మశానానికి చేరితే రాజు తల తెగుతుంది. అంటే అది చెట్టెక్కిన ప్రతిసారీ రాజు చావు ఇంకో కథంత దూరం జరుగుతోంది! మనం ఆటంకం అనుకున్నది రక్షణరా. ఇన్నేళ్ళూ ఇది నా కంటికి ఆనలేదు.

మరి ముందే ఎందుకు చెప్పలేదు? చెబితే రాజు నమ్మేవాడా? రోజూ రత్నాలు తెచ్చిన సాధువు మాట ఒకవైపు, శవంలో దూరిన భూతం మాట ఇంకోవైపు. పైగా మాట ఇచ్చినవాడు. ఆ రాత్రంతా భుజాన మోసి, ప్రశ్న వెంట ప్రశ్నకి న్యాయం తప్పకుండా జవాబు చెబుతూ వచ్చాకే వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి గురి కుదిరింది. మ్యాబ్ మౌనానికి కారణం ఇంకా భయంకరం. శత్రువు ఎవరి ఒంట్లోనైనా చేరి ఉండొచ్చు. ఎవరి ముందు నోరు జారినా ప్రమాదమే.

తియ్యగా ఉన్నవాళ్ళ సంగతి కూడా చూడు. హ్యారీ అనాథ. పెంచి, తిండి పెట్టి, మంత్రవిద్య నేర్పిన గురువే చివరికి అతన్ని బానిసని చేసుకోబోయాడు. అతను మన పండ్ల సన్యాసి కాక మరెవరు? మరోవైపు హ్యారీకి గాడ్‌మదర్, అంటే తల్లిలా చూసుకోవాల్సిన ఫేరీ, లియా మూడో పుస్తకం నిండా అతన్ని వేటకుక్కగా మార్చాలని వెంటపడుతుంది. అప్పట్లో ఆమెని తిట్టుకున్నాను. కానీ ఆమె లెక్కలో తన కుక్కల గుంపులో ఉంటే బిడ్డకి ఏ ముప్పూ రాదు. ఆ ప్రేమ మన కొలతలకి అందదు, అయినా ప్రేమే.

ఈ రహస్యాన్ని తర్వాత అతికించారని నువ్వు అనొచ్చు. నాకలా అనిపించలేదు. మ్యాబ్, లియాల ఫేరీ జాతివాళ్ళు అబద్ధమాడలేరన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. నాలుగో పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఆ కథలో జరిగిన హత్య చేసింది మేం కాదని నిరూపించు అంటుంది మ్యాబ్ హ్యారీతో, ఫేరీల మధ్య యుద్ధం ఆగాలని. కాపలా సంగతి తెలిశాక ఆ మాట చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. పదేళ్ళు దాచినందుకు మాత్రం నాకూ కోపమే. నీలాంటి మంచి పాఠకుడు మధ్యలో వెళ్ళిపోయాడు.

నిన్న పొద్దున జడ వేస్తూ పాపకి చెప్పాను, శవం చెట్టెక్కితే రాజు బతికినట్టేనని. తల తిప్పేసింది, పాయ నా చేతిలోంచి జారిపోయింది. "అయితే రాజు తప్పు జవాబు చెప్పి ఉంటే?" అంది. ఇంకా ఆలోచిస్తున్నాను. నీకేమైనా తోస్తే రాయి.

ఐదో పుస్తకం నీకు పంపుతున్నాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ అటక మీదున్న చందమామ బైండు తీసుకురా. పాప దానికోసం రోజూ అడుగుతోంది.

నీ
పాత రూమ్మేట్