రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: ప్రతిసారీ ‘అత్యవసరం’ ఎందుకవుతోంది?

గౌరవనీయులైన శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం. నేను ఇన్‌ఫాంట్రీలో పనిచేసి రిటైరైన మనిషిని. మా పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఒక ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరం తర్వాత తరం పిల్లల్ని సైన్యానికి పంపుతున్న ఊరు. ఈ చుట్టుపక్కల నలుగురు మాజీ సైనికులు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి జవాను ఒంటి మీది సామాను దగ్గరికే వస్తుంది. ఆయుధ కొనుగోలు నిబంధనలైన డీఏపీ-2020ని సమీక్షించడానికి 2025లో మీ శాఖ కమిటీ వేసింది కాబట్టి ఈ మాట మీకే నేరుగా చెప్పుకుంటున్నాను.

2025 జూన్‌లో మీ శాఖ 13 అత్యవసర ఒప్పందాలు, అంటే మామూలు సుదీర్ఘ ప్రక్రియ కోసం ఆగకుండా తొందరగా కొనేవి, ప్రకటించింది. విలువ దాదాపు 1,982 కోట్ల రూపాయలు. డ్రోన్లను పసిగట్టి అడ్డుకునే వ్యవస్థలు, తేలికపాటి రాడార్లు అందులో ఉన్నాయి. వాటి తొందర అర్థమవుతుంది, యుద్ధం తీరు మన కళ్ల ముందే మారిపోతోంది. కానీ అదే జాబితాలో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, హెల్మెట్లు, చీకట్లో గురి చూడటానికి రైఫిళ్లకు బిగించే నైట్ సైట్లు కూడా కనిపించాయి. కాశ్మీర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉగ్రవాదులతో పోరాడుతున్న సైన్యం మనది. జవానుకు జాకెట్ కావాలన్నది హఠాత్తుగా తెలిసిన సంగతి కాదు కదా!

ఆ జాకెట్ల సంగతే చూడండి. 1.86 లక్షల జాకెట్లు కొనడానికి 2009లో ఆమోదం దొరికింది. కంపెనీల నమూనాలు పరీక్షల్లో నిలవక 2015లో టెండరు రద్దయింది. మధ్యలో సర్దుబాటుగా 2016లో 50 వేలు కొన్నారు. అసలు ఒప్పందం 2018 ఏప్రిల్‌లో జరిగింది, 639 కోట్లకు. మన రక్షణ బడ్జెట్‌లో 639 కోట్లు ఏపాటి? 2009లో రిక్రూట్‌గా చేరిన కుర్రాడి సర్వీసులో సగానికి పైగా ఆ ఫైలు కింద గడిచిపోయింది. పాత జాకెట్ బరువుతో కొండెక్కి డ్యూటీ చేసినవాళ్లకు ఆ తొమ్మిదేళ్లంటే ఏమిటో తెలుసు.

రైఫిల్ కథ ఇంకా బాధాకరం. 2011లో పిలిచిన టెండరులో, ఒకే రైఫిల్ గొట్టం మార్చి 5.56, 7.62 ఎంఎం రెండు రకాల తూటాలూ కాల్చాలని షరతు పెట్టారు. ఆ రెండో గొట్టాన్ని పెట్రోలింగ్‌కు వెళ్లే జవాను ఎక్కడ మోయాలి, ఎప్పుడు మార్చాలి అని ఏ పోస్టులోనైనా ఒక్క హవల్దార్‌ని అడిగి ఉంటే ఆ షరతు కాగితం మీదికి వచ్చేది కాదని నా నమ్మకం. 2015లో అదీ రద్దయింది. చివరికి 2019లో అమెరికా నుంచి 72,400 రైఫిళ్లు ఫాస్ట్‌ట్రాక్‌లో తెప్పించుకున్నాం. అమేఠీలో ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లు తయారు చేసే ఒప్పందం 2021లో కుదిరింది.

ఫాస్ట్‌ట్రాక్ అన్నా పని పూర్తవుతుందన్న భరోసా లేదు. 2018లో అదే దారిలో ఎంపికైన 93,895 కార్బైన్ల (పొట్టి రైఫిళ్ల) కొనుగోలు 2020లో ఆగిపోయింది.

అవినీతి భయం ఉందని తెలుసు. బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు కుంభకోణం తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు కొత్త పెద్ద ఫిరంగుల ఒప్పందమే జరగలేదు. సంతకం పెడితే రేపు విచారణ వస్తుందేమో అని అధికారి కొర్రీ మీద కొర్రీ వేస్తాడు. ఆలస్యానికి మాత్రం ఎవరినీ ఎవరూ అడగరు. కల్వరి జలాంతర్గామి 2017 డిసెంబరులో నౌకాదళంలో చేరినప్పుడు దానికోసం ఎంచుకున్న కొత్త బరువైన టార్పెడోలు లేవు. ఎందుకంటే అమ్మే కంపెనీ మాతృసంస్థ వీఐపీ హెలికాప్టర్ల కొనుగోలు కుంభకోణంలో చిక్కుకుంది, ఆ కొనుగోలు రద్దయింది. ఆరోపణలు వచ్చిన కంపెనీని దూరం పెట్టడం సరైనదే. అయితే దాని బదులు ఏం కొంటాం, ఎప్పటిలోగా కొంటాం అన్నది రద్దు ఉత్తర్వులోనే ఉండాలి. లేకపోతే శిక్ష పడేది జలాంతర్గామిలో దిగే నావికుడికి.

2020లో లద్దాఖ్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కొన్ని నెలలకే, అదనపు బలగాలకు చలి దుస్తులు అమెరికా నుంచి హడావిడిగా తెప్పించాల్సి వచ్చింది. అదే ఏడాది ఆరంభంలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే సంస్థ) నివేదిక, ఎత్తైన ప్రాంతాల్లో జవాన్లకు కొత్త బూట్లు అందక పాతవే బాగు చేసి వాడారని చెప్పింది. ఆ హెచ్చరికను అప్పుడే పట్టించుకోవాల్సింది.

అందుకే నా మొదటి విన్నపం. ఏ వస్తువునైనా రెండోసారి అత్యవసర పద్ధతిలో కొనాల్సి వచ్చిందంటే, మామూలు దారిలో అది ఎక్కడ ఆగిందో మీ శాఖ రాతపూర్వకంగా తేల్చాలి, ఆ వస్తువును వెంటనే ఏటా కొనే జాబితాలో చేర్చాలి. ఇది కొత్త నిబంధనల్లో ఉండి తీరాలి. షరతులు రాసే బృందంలో ఆ సామాను వాడే యూనిట్ల నుంచి జేసీవోలు (హవల్దార్లకు పైన, ఆఫీసర్లకు కింద ఉండేవాళ్లు), హవల్దార్లు ఉండాలి, వాళ్లు ట్రయల్స్ అయ్యేదాకా కొనసాగాలి. ఎడారిలో ఎండాకాలం, మంచులో చలికాలం పరీక్షలు జరపాలి కాబట్టి ఒక్క ఉత్తరం ఆలస్యమైనా ఏడాది పోతుంది. ఆ నెలల్ని ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టి ఫైలు నడిపించాలి. నూటికి నూరు పాళ్లు కుదిరే ఆయుధం కోసం పదేళ్లు ఆగేకంటే, ఎనభై పాళ్లు కుదిరేది రెండేళ్లలో ఇచ్చి తర్వాత మెరుగుపరచడం మేలు. నిజాయితీగా తొందరపడిన అధికారికి రక్షణ కల్పించండి. ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులుందో, రహస్యం కాని వస్తువుల విషయంలోనైనా, ప్రతి ఏడాది పార్లమెంటుకు చెప్పండి.

2025 చివర్లో 4.25 లక్షల కార్బైన్లకు మన దేశపు కంపెనీలతో, 48 టార్పెడోలకు ఇటలీ కంపెనీతో ఒప్పందాలు చేశారు. చాలా సంతోషం. ఆ కార్బైన్లు ఏ నెలలో ఏ బెటాలియన్ చేతికి చేరతాయో ఇప్పుడే గడువు పెట్టి, దాటితే ఎవరు జవాబు చెప్పాలో కూడా రాసి ఉంచమని కోరుతున్నాను.

జై హింద్.

ఇట్లు
ఒక మాజీ సైనికుడు
పశ్చిమ గోదావరి జిల్లా