వేపచెట్టు మీది మాంజా గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం ప్రార్థన వేళ మన గ్రౌండులో వేపచెట్టుకు గద్ద తలకిందులుగా వేలాడటం, ఆ మధ్యాహ్నమే మేం బ్యాగులు వెతికి పదకొండు మాంజా చుట్టలు తీసుకోవడం మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా నలుగుతూనే ఉన్నాయి. చెప్పకుండా బ్యాగులు ఎలా తెరుస్తారని కొందరు ఫోన్ చేశారు. తెరవమన్నది నేనే.

వాచ్‌మన్ నిచ్చెన వేసుకుని గద్దను దించాడు. దారం రెక్క సందులో ఎముక దాకా దిగింది. పశువుల ఆసుపత్రిలో కట్టు కట్టారు, బతికింది. ఆ దారం ఈ సంక్రాంతిది కూడా కాదు, పోయినేటిది. రంగు వెలిసింది గానీ తెగలేదు. నూలు దారమైతే ఒక్క వానాకాలానికే చీకిపోయేది.

అది నైలాన్. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం 1935 ఫిబ్రవరి 28న దాన్ని తయారుచేసింది. 1938లో కంపెనీ లోకానికి ప్రకటించేనాటికి ఆయన బతికి లేరు. ఆ ఏడాదే పళ్ల బ్రష్షుల్లో పంది వెంట్రుకల బదులు నైలాన్ కుచ్చు వచ్చింది. 1940లో ఆడవాళ్ల మేజోళ్లు, యుద్ధంలో పారాచూట్లు. కరిగించి సన్నని రంధ్రాల్లోంచి తీసిన పోగును చల్లారాక లాగితే లోపలి పొడవాటి అణువులన్నీ ఒకే వరుసకు వస్తాయి. బలమంతా అక్కడిదే. చేపల వలకు, గొడుగుకు, మీ పిల్లల బ్యాగు పట్టీకి ఆ బలం కావాలి. దానికే గాజుపొడి పూసి ఆకాశంలోకి వదిలితే ఆ బలమే ప్రాణం తీస్తుంది. ఈ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది.

ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్లలు ఇదంతా విని ఊరుకోలేదు. ఒకే మందం దారాలకు ఇసుక సీసాలు కట్టి చూశారు. నూలు రెండో సీసాకే తెగింది, నైలాన్ ఐదు మోసింది. ఆ పట్టికను వాళ్లే గీసి నోటీసు బోర్డులో పెట్టారు, దయచేసి ఒకసారి చూడండి. ఆరో తరగతి బాబు ఒకడు ఎవరూ అడక్కుండానే తన చుట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాణ్ణి చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో!

కొన్ని చుట్టల మీద ధర చీటీలు ఇంకా ఉన్నాయి. అంత డబ్బు పిల్లల జేబుల్లో ఉండదు. ముద్దుగా కొనిచ్చారు, అర్థమైంది. కానీ రోజూ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను, మీలో చాలామంది పిల్లల్ని బండి ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వస్తున్నారు. రోడ్డుకు అడ్డంగా వేలాడే దారం ముందు తగిలేది ఆ పసి మెడకే కదండీ.

పదో తరగతి ప్రీఫైనల్ టైంటేబుల్ డైరీల్లో అంటించాం. ఫీజు రసీదులు ఆఫీసులో తీసుకోండి.

ఇంట్లో మిగిలిన మాంజా ఏదున్నా పంపించేయండి, పేరు అడగం. శనివారం ఉదయం ఎనిమిదింటికి చెట్ల మీది దారాలన్నీ తీస్తున్నాం. పొడవాటి దోటి ఉన్నవాళ్లు తీసుకురండి, చేతులకు మందపాటి గుడ్డ చుట్టుకుని రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు