జాక్ యేట్స్ చేతిరంగు బొమ్మలు కొనేవారికి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈ నెల నుంచి మా దుకాణంలో ఐర్లండ్ చిత్రకారుడు జాక్ యేట్స్ చేతిరంగు ప్రింట్ల ధరలు పెరుగుతున్నాయి. ఫ్రేము కట్టిన బొమ్మలను ఐర్లండ్ దాటి పంపడం ఆపేస్తున్నాం. పాటలు, బొమ్మలతో ఒకప్పుడు నెలనెలా వచ్చిన బ్రాడ్‌సైడ్ అనే పత్రిక సంచికల నుంచి విడగొట్టిన బొమ్మలను ఇకపై కొనం, అమ్మం. డబ్లిన్‌లో పాత కాగితాలు, పాత బొమ్మలు అమ్ముకునే మాలాంటి చిన్న దుకాణం నిలబడిందంటే ఇక్కడి తెలుగువారు, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ అమెరికా నుంచీ ఉత్తరాలు రాసి మరీ కొనుక్కునే మీరందరూ కారణం. అందుకే ధరల పట్టిక మార్చేసి ఊరుకోకుండా ఎందుకు మార్చామో కూడా చెప్పాలనిపించింది.

కొత్తగా చేరినవారి కోసం రెండు ముక్కలు. జాక్ బి. యేట్స్ 1871లో లండన్‌లో పుట్టారు. కవి డబ్ల్యూ.బి. యేట్స్‌కు తమ్ముడు. బాల్యంలో ఎక్కువ భాగం ఐర్లండ్ పడమటి తీరంలోని స్లైగోలో, అమ్మమ్మ తాతయ్యల దగ్గర గడిచింది. ఆ రేవు, ఆ నావికులు, సంతలు, సర్కసులు, గుర్రప్పందేలు, వీధుల్లో పాటలు పాడుకుంటూ ఆ పాటల కాగితాలు అమ్ముకునేవాళ్లు, వీళ్లంతా జీవితాంతం ఆయన బొమ్మల్లో తిరుగుతూనే ఉన్నారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో అప్పట్లో ఉన్న కళల పోటీలో లిఫీ నదిలో ఈత పందెం చిత్రానికి రజత పతకం వచ్చింది. ఆ చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. వచ్చినవాళ్లు తప్పక చూడండి. చివరి దశాబ్దాల్లో ఆయన వేసిన తైలవర్ణ చిత్రాలు మనలాంటివారికి అందే ధరల్లో లేవు. మన ఇంటి గోడమీదికి రాగలిగేవి ఆయన అక్కల ప్రెస్సులో అచ్చయిన చిన్న బొమ్మలే.

ఆ ప్రెస్సు గురించి చెప్పమంటే నాకు సమయం తెలియదు. 1902లో ఈవిలిన్ గ్లీసన్ అనే ఆమె డబ్లిన్ పక్కనున్న డండ్రమ్‌లో డన్ ఈమర్ అనే చేతిపనుల సంస్థ పెట్టారు. అక్కడ యేట్స్ అక్కచెల్లెళ్లలో పెద్దామె లిలీ కుట్టుపని విభాగం చూసేవారు. చిన్నామె ఎలిజబెత్ లండన్‌లో ఆడవాళ్లే నడుపుకునే ఒక ముద్రణ సంఘంలో కొద్దికాలం పని నేర్చుకుని వచ్చి అచ్చు విభాగం తీసుకున్నారు. ఒక పాత ఆల్బియన్ చేతి అచ్చుయంత్రం, క్యాస్లన్ అనే రకం అచ్చక్షరాలు, పక్కనే సాగర్ట్ ఊరి మిల్లులో గుడ్డపీలికలతో చేసిన కాగితం, ఇవే వాళ్ల సరంజామా. 1903లో మొదటి పుస్తకం బయటికొచ్చింది. 1908లో అక్కచెల్లెళ్లిద్దరూ ఆ సంస్థ నుంచి విడిపోయి, దగ్గర్లోని చర్చ్‌టౌన్‌లో కూలా పేరుతో సొంత పని మొదలుపెట్టారు. అన్న డబ్ల్యూ.బి. రచనలు ఇచ్చేవారు, ఏవి అచ్చువేయాలో కూడా ఆయనే తేల్చేవారు. తమ్ముడు జాక్ బొమ్మలిచ్చేవారు. అచ్చు పేర్చడం, సిరా పూయడం, యంత్రం లాగడం, రంగులు వేయడం అన్నీ ఆడవాళ్లే చేసేవారు. కుటుంబ ప్రెస్సు అని ఊరికే అనడం లేదు, ఆ ఇంటిలోని మంచీ చెడూ అంతా అందులో ఉంది. ఎలిజబెత్‌కూ అన్నకూ ఏవి అచ్చువేయాలన్న దగ్గర గొడవలు జరిగేవి. డబ్బుకు ఎప్పుడూ కటకటే. కవిత్వ పుస్తకాలు మెల్లగా అమ్ముడుపోతుంటే ప్రెస్సు తలుపులు మూతపడకుండా చూసింది ఈ రంగు బొమ్మలు, క్రిస్మస్ కార్డులు కూడా. దుకాణం నడిపే మనిషిగా నాకు ఎలిజబెత్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. అన్న పేరు చూసి జనం వస్తారని కూర్చోలేదు. నెలనెలా చేతిలో పడే డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూసుకున్నారు.

బ్రాడ్‌సైడ్ అలా పుట్టిందే. 1908 జూన్ నుంచి 1915 మే దాకా ఏడేళ్లపాటు నెలకొకటి చొప్పున మొత్తం 84 సంచికలు వచ్చాయి. ఒక్కో సంచిక 300 ప్రతులు. ఏడాది చందా పన్నెండు షిల్లింగులు, తపాలా ఖర్చుతో కలిపి. మడత పెట్టిన ఒక కాగితం, అందులో పాటలు, పద్యాలు, వాటితోపాటు జాక్ బొమ్మలు. సాధారణంగా రెండు బొమ్మలకు చేత్తో రంగు వేసేవారు, మూడోది నలుపు గీతల్లోనే ఉండేది. లెక్క వేసి చూడండి: ఒక్క నెలకే ఆరువందల బొమ్మలకు కుంచె పట్టాలి. నలుపు గీతలు బ్లాకుతో అచ్చు వేసి, ఆరాక, నీటిరంగులు అద్దేవారు. ఎలిజబెత్ అంతకుముందే కుంచె పని నేర్పే పుస్తకాలు రాసిన ఉపాధ్యాయురాలు కాబట్టి, ప్రెస్సులో చేరిన ఆడపిల్లలకు ఆమే దగ్గరుండి నేర్పారు.

ఇప్పుడు నా ముందు బల్లమీద అలాంటి బొమ్మ ఒకటి ఉంది. ఇసుక తీరంలో గుర్రప్పందెం. భూతద్దం పెట్టి చూస్తే ఆకాశం నీలం కుంచె మొదలైన చోట పలచగా ఉంది, ఆగిన చోట చిక్కగా చేరి ఎండి, అంచున సన్నటి గీత కట్టింది. జాకీ చొక్కా ఎరుపు ఒకచోట నల్లగీత దాటి గుర్రం మెడమీదికి పోయింది. గడ్డి రంగు ఇసుక రంగుమీద ఎక్కిన చోట మూడో రంగొకటి పుట్టింది, దాన్ని ఎవరూ కలిపి వేయలేదు. కాగితం తిప్పి వేలితో తడిమితే గీతలున్న మేర చిన్నగా ఉబ్బు తగులుతుంది, అది అచ్చుయంత్రం నొక్కుడు. యంత్రంమీద తీసిన నకలులో ఇవేవీ ఉండవు. భూతద్దం కింద రంగంతా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఎక్కడ కొన్నా, మా దగ్గర కాకపోయినా సరే, ఈ పరీక్ష చేసి కొనండి.

ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈమధ్య ఒక కుటుంబం ఒకే బొమ్మ రెండు ప్రతులు కొన్నారు, అన్నదమ్ములిద్దరి ఇళ్లకు ఒక్కొక్కటి. ఒకదాంట్లో సముద్రం నీలంగా, మరోదాంట్లో పచ్చదనం కలిసి ఉందని, రెండోది మార్చి ఇవ్వమని అడిగారు. వాళ్ల అనుమానం నాకు అర్థమైంది, డబ్బు తిరిగి పంపేశాను. మాట మాత్రం ఇక్కడ స్పష్టంగా చెబుతాను: ఆ తేడా లోపం కాదు. ఆ రెండు ప్రతులకూ రంగు వేసింది ఒకే అమ్మాయి కాకపోవచ్చు, ఒకే రోజు కాకపోవచ్చు, గిన్నెలో కలిపిన రంగు ఒకటి కాకపోవచ్చు. పైగా నూరేళ్లలో ఒకటి చీకటి బీరువాలో, ఇంకొకటి కిటికీ ఎదురుగా ఉండి ఉండవచ్చు. రెండు ప్రతులు అచ్చం ఒకేలా ఉంటే నేనైతే అనుమానపడతాను. అందుకే ఇకపై మీరు కొనబోయే ప్రతి కాగితాన్నే ఫొటో తీసి, ముందూ వెనకా, మచ్చలతో సహా పంపుతాం. నమూనా ఫొటో చూపించి అమ్మడం ఉండదు.

రంగు వెలిసిన ప్రతులకు మళ్లీ రంగు వేయించి ఇవ్వమని కూడా కొందరు అడుగుతున్నారు. ఆ పని చేయను. ఆ కాగితం మీద చేయి పెట్టిన అమ్మాయిల్లో చాలామంది పేర్లు ఎక్కడా అచ్చుకాలేదు. పేరు నిలిచినవారిలో మోయ్రా గిల్ ఒకరు. కూలాలో అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా పనిచేస్తూనే అంతర్యుద్ధ కాలంలో జైలుకు వెళ్లారు, 1923 నుంచి 1941 దాకా కమోగీ అనే ఆడవాళ్ల ఆటకు సంబంధించిన సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నారు. అలాంటి మనుషులు కూర్చుని చేసిన పని అది. దానిమీద ఇవాళ నేను కుంచె పెడితే ఆ పని చెరిగిపోతుంది, మిగిలేది నా పని.

ఇక ధర. ఈ బొమ్మలు మాకు వచ్చేది వేలంపాటల్లోనూ, పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడూ. వేలంలో పాడిన ధరమీద వేలం సంస్థ రుసుము వేరే ఉంటుంది. మంచి స్థితిలో ఉన్నవి రావడం తగ్గింది, వచ్చినవాటికి పోటీ పెరిగింది. కొత్త ధరలో కొంత భాగం నేరుగా మా దుకాణం అద్దెకు పోతుంది, అది దాచడం ఎందుకు. అయితే అన్నిటికీ పెంచలేదు. కూలా పుస్తకాల పని 1946లో ఆగినా కార్డులు, ప్రింట్లు ఆ తరవాత కూడా చాలాకాలం తయారయ్యాయి. కవి భార్య జార్జ్ యేట్స్ ఆ పని చూసుకున్నారు. అలా తరవాతి కాలంలో వచ్చినవాటికి పాత ధరే. అవీ చేతిరంగువే, అవీ ఆ ప్రెస్సువే. కాకపోతే 1908 నాటివని చెప్పి అమ్మేవాళ్లు బయట ఉన్నారు. మా చీటీమీద తొలినాటిదో, తరవాతిదో, కాలం తేల్చలేకపోయామో, ఆ మూడింట్లో ఒకటి తప్పకుండా రాసి ఉంటుంది. మొదటిసారి కొనేవారికి నేను తరవాతి కాలం ప్రింటే తీసుకోమంటాను. చూసే ఆనందంలో తక్కువేమీ లేదు.

బ్రాడ్‌సైడ్ విడగొట్టిన బొమ్మల సంగతి. మేమెప్పుడూ కత్తెర పట్టలేదు, కాని ఎవరో విడగొట్టినవి దొరికితే అమ్మేవాళ్లం. అచ్చయిన మూడు వందల ప్రతుల్లో ఎన్ని మిగిలాయో గాని, వాటిలో పాటా బొమ్మా కలిసి ఉన్న సంచిక ఒక్కొక్కటే తగ్గిపోతోంది, ఎందుకంటే ముక్కలుగా అమ్మితే ఎక్కువ వస్తుంది. ముక్కలు కొనేవాళ్లున్నంతకాలం కోసేవాళ్లుంటారు. కొనేవాళ్లలో మేం ఉండకూడదనుకున్నాం. పూర్తి సంచిక కావాలంటే చెప్పండి, వెతుకుతాం. ఖరీదు ఎక్కువే.

తక్కువ ఖర్చులో మంచి నకళ్లు మీరే అచ్చువేయొచ్చుగా అని తరచూ అడుగుతారు. జాక్ 1957 మార్చిలో పోయారు. ఐర్లండ్‌లోనూ మిగతా యూరోపియన్ యూనియన్‌లోనూ కాపీరైటు కళాకారుడు పోయాక 70 ఏళ్లు ఉంటుంది కాబట్టి 2027 చివరిదాకా ఆ హక్కులు వారసులవే. భారతదేశంలో 60 ఏళ్లే కాబట్టి అక్కడ గడువు దాటింది, అందుకే అక్కడ తయారైన నకళ్లు మీకు కనిపిస్తుండవచ్చు. మేం మాత్రం ఇక్కడ అచ్చువేయలేం. 2028 వచ్చాక అయినా వేసే ఆలోచన లేదు. చివరి కాలంలో తన చిత్రాల నకళ్లు తీయడానికి ఆయనే ఒప్పుకునేవారు కాదు. చేతిరంగు పోయాక మిగిలే కాగితాన్ని అమ్మాలని నాకూ లేదు.

మా ఊరికీ ఈ ప్రెస్సుకూ ఏమైనా సంబంధం ఉందా అని మదనపల్లె నుంచి ఒక మాస్టారు అడిగారు. ఇక్కడే జవాబు చెబుతాను, అందరికీ ఆసక్తిగా ఉంటుంది. అవునండీ, మీ ఊరికీ ఈ ప్రెస్సు లోకానికీ మధ్య దారి ఉంది. 1914లో కూలా ప్రెస్సు రవీంద్రనాథ్ ఠాగూర్ 'పోస్టాఫీసు' నాటకాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. 1919లో అదే ఠాగూర్ మదనపల్లె కళాశాలకు వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చింది అక్కడే. ఆయనకు ఆతిథ్యమిచ్చిన ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన ఐరిష్ కవి, డబ్లిన్ సాహిత్య వర్గంలో యేట్స్‌నీ మిగతావారినీ ఎరిగినవాడు. ఆ 'పోస్టాఫీసు' తొలి ముద్రణ ప్రతి మా దగ్గర లేదు. దొరికితే ముందు మీకే కబురు పెడతాను.

ఫ్రేముల గురించి చివరగా. అద్దం దారిలో పగిలితే ముక్కలు ముందు కోసేది బొమ్మనే. అందుకే విదేశాలకు విడి కాగితమే పంపుతాం. గొట్టంలో చుట్టం, రెండు గట్టి అట్టల మధ్య పరిచి, తడి తగలకుండా కట్టి పంపుతాం. కస్టమ్స్ సుంకం పడితే అది మీరే కట్టుకోవాలి. మీ ఊళ్లో ఫ్రేము కట్టించేటప్పుడు మూడు విషయాలు పట్టుబట్టి చెప్పండి: ఆమ్లం లేని అట్టే వాడాలి, బొమ్మ అద్దానికి తగలకూడదు, వెనకవైపు టేపు అంటించకూడదు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉన్నవారు వానాకాలంలో ఫ్రేము గోడకు పూర్తిగా ఆనకుండా నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు పెట్టండి, గాలి ఆడుతుంది, గోధుమరంగు మచ్చలు రావు. ఎండ పడే గోడ అసలు వద్దు. నీటిరంగుల్లో ఎరుపు, గులాబీ ముందు పోతాయి, పోయాక తిరిగి రావు.

ఇప్పటికే బయానా పంపినవారికి పాత ధరే వర్తిస్తుంది, ఎవరూ కంగారు పడకండి. కొత్తగా కొన్న తరవాతి కాలం ప్రింట్లు, కార్డులు ఇంకా శుభ్రం చేసి చూడాల్సి ఉంది. అది అయ్యాక ఫొటోలు పంపుతాం. మీకు ఎలాంటి బొమ్మ కావాలో, గుర్రాలా, ఓడలా, సంతా, సర్కసా, ఒక మాట రాసి ఉంచండి.