చెరువు నీళ్లను డ్రెయిన్ పాలు చేయడమెందుకు?

అయ్యా,

మా ఆకివీడు వైపు చేపల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లను ఇంజన్లు పెట్టి డ్రెయిన్లలోకి తోడేస్తాం. నేనూ ఇన్నేళ్లూ అదే చేశాను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు పక్కనే ఉండి మనం చేస్తున్న పని ఇది.

నిజానికి ఆ నీళ్లలో ఉన్నది పైరుకు బలం. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్క వేళ్లు దాన్ని పీల్చుకుంటాయి. చేపల నీళ్లను మోటారుతో తిప్పి మట్టి లేకుండా మొక్కలు పెంచే ఆక్వాపోనిక్స్‌లో జరిగేది ఇదే. కానీ అందులో మోటారు ఆగితే చేపలకు ప్రాణగండం, కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్. మాలాంటి వాళ్లకు అరుణాచల్‌లోని జీరో లోయ దారే నయం. అక్కడ అపతానీ గిరిజనులు వరి మడిలోనే కాలువ తవ్వి చేపలు పెంచుతారు, గట్ల మీద చోళ్లు (రాగులు) వేస్తారు. ఎంత చక్కటి ఆలోచన!

రెండేళ్లుగా నా చెరువు నీళ్లను పక్క వరి చేనుకు పెడుతున్నాను. మొదటి ఏడాది యూరియా తగ్గించలేదు, పైరు ఏపుగా పెరిగి పడిపోయింది. రెండో ఏడాది తగ్గించాను, చేను నిలబడింది. ఎంత తగ్గించాలన్నది మాత్రం ఊహే. రొయ్యల చెరువుల ఉప్పు నీళ్లకు ఇది పనికిరాదు.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం, మత్స్యశాఖ కలిసి చెరువు నీటిని పరీక్షించి, ఎకరానికి ఎరువు ఎంత తగ్గించాలో రైతులకు చెప్పాలి. వచ్చే దాళ్వా (రబీ వరి) లోపే మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

– ఒక చేపల రైతు, ఆకివీడు