కిమ్చీకి మన ఎండ లెక్క వేరు

సంపాదకుల వారికి,

ఆదివారం సంచికలో కొరియా వంటల మీద వేసిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ క్యాబేజీని ఉప్పు, కారంతో పులియబెట్టే కొరియా పచ్చడి కిమ్చీ గురించి 'కలిపి మూడు రోజులు బయట ఉంచాలి' అన్న మాట బెజవాడ పాఠకులకు చెప్పాల్సింది కాదు. ఈ ఎండల్లో రెండో రోజుకే పులుపు ముదిరి, ముక్క మెత్తబడి, సీసా పొంగుతుంది.

కొరియాలో చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టుకోవడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. పగలూ రాత్రీ కలిపి సగటు వేడి 4 డిగ్రీల లోపుకు దిగాక, అంటే నవంబరు, డిసెంబరుల్లో పెడతారు. పూర్వం జాడీలను మట్టిలో పాతిపెట్టేవారు. మన ఆవకాయ దీనికి పూర్తిగా ఎదురు. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె దండిగా పడతాయి కాబట్టి ఎండకు జంకదు. కిమ్చీలో చివరికి మిగిలే ఉప్పు నూటికి రెండు మూడు పాళ్లే.

ఇక్కడ పెట్టాలంటే రెండు కిలోల చైనా క్యాబేజీ ముక్కలకు 200 గ్రాముల కల్లుప్పు పట్టించి, రెండు గంటలు ఉంచాలి. మధ్యలో ఒకసారి కిందామీదా చేయాలి. తెల్లటి కాడ వంచితే విరగకుండా వంగాలి. పుటుక్కుమంటే ఇంకా ఉప్పు పట్టలేదన్నమాట. మూడు నీళ్లు కడిగి గంటసేపు నీరు వార్చాలి. నీరు మిగిలితే కారం జారిపోతుంది. కొరియా కారం గింజ తీసిన బరక కారం, ఘాటు తక్కువ. గుంటూరు కారం అదే కొలతన వేస్తే నోట పెట్టలేం, తగ్గిస్తే రంగు రాదు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే బ్యాడిగి మిరపను గింజలు దులిపి బరకగా దంచుకోవడం నయం. బియ్యప్పిండి జావ చల్లారాకే కారం, వెల్లుల్లి, అల్లం కలపాలి. సీసా ముప్పాతికే నింపి, గాలి లేకుండా అదమాలి. మే నెలలో నాలుగైదు గంటలు బయట ఉంచితే చాలు, ఆపైన ఫ్రిజ్‌లోకే. రెండు వారాలకు రుచి కుదురుతుంది.

కొరియా వాళ్లు మండు వేసవిలో వేడివేడి కోడి పులుసు తాగడాన్ని ఆ వ్యాసం వింతగా రాసింది. ఉష్ణం ఉష్ణేన శీతలం అని మనవాళ్లూ అన్నారు కదా! అక్కడ జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా చోబోక్, జుంగ్‌బోక్, మాల్‌బోక్ అని మూడు రోజులు వస్తాయి. చెమటతో పోయిన సత్తువ తిరిగి రావాలని ఆ రోజుల్లో ఈ కోడి పులుసు, అంటే సామ్‌గ్యేతాంగ్ తింటారు. మనం మృగశిర కార్తెకు చేపలు తిన్నట్టే. ఆ కోడి పులుసులో కారమే ఉండదు. అరకిలో కోడిపిల్ల పొట్టలో గంట నానిన జిగురు బియ్యం, వెల్లుల్లి, ఎండు రేగుపళ్లు, జిన్సెంగ్ వేరు పెట్టి గంటసేపు ఉడికిస్తారు. బియ్యం సగానికే నింపాలి. కూరితే ఉబ్బి కోడి చిట్లుతుంది, నడిమి మెతుకు పలుకుగా ఉండిపోతుంది. ఉప్పు, మిరియాలు తినేటప్పుడే.

ఆ పులుసుతో బలం వస్తుందన్నది నమ్మకం. మందుగా రాయడం సరికాదు. రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవారికి జిన్సెంగ్ ఆ మాత్ర పనిని తగ్గించవచ్చు. బీపీ ఉన్నవారికి కిమ్చీ ఉప్పూ లెక్కలోకే వస్తుంది. ఈ రెండూ సవరణగా వేయగలరు.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ