బంకలన్నీ పెద్దపేగులో విడిపోవు

సంపాదకులకు,

అమ్రాబాద్ అడవుల్లో చెంచులు తపసి చెట్ల నుంచి తీసే బంకతో (గమ్ కరాయాతో), మందును నేరుగా పెద్దపేగుకు చేర్చే మాత్రలు చేయాలన్న ఆలోచన మంచిదే. అయితే ఉబ్బే ప్రతి బంకా ఈ పనికి రాదు.

మాత్ర కడుపునూ చిన్నపేగునూ దాటేదాకా మందు బయటికి రాకూడదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా బంకను విడగొట్టాకే రావాలి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్‌కు ఈ గుణం ఉంది: మన ఎంజైములకు లొంగదు, బ్యాక్టీరియాకు లొంగుతుంది. తపసి బంక ఇంకా బాగా ఉబ్బుతుంది కానీ మనిషి పేగులో చాలావరకు విడిపోకుండానే మలంతో పోతుంది. మలబద్ధకానికి వాడేది అందుకే. దానొక్కదానితోనే మాత్ర కడితే మందు లోపలే ఉండిపోయే ప్రమాదముంది.

గ్వార్‌తోనూ పాళ్లు ముఖ్యం. నులిపురుగుల మందు మెబెండజోల్ మాత్రల్లో 20 నుంచి 30 శాతం గ్వార్ వేసి పరీక్షించారు. తగ్గితే మందు కడుపులోనే కారిపోతుంది, మరీ పెరిగితే మాత్ర విప్పుకోదు. గ్వార్ పొడి అచ్చులోకి సరిగా జారదు కాబట్టి స్టార్చ్ గంజితో తడిపి, గుళికలు చేసి, ఆరబెట్టాకే మాత్ర కొట్టాలి.

ఎక్కువగా తప్పేది పరీక్ష దగ్గర. మాత్రను కడుపుకు బదులు 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 గంటలు, చిన్నపేగుకు బదులు ఆమ్ల, క్షార స్థాయి మారని ద్రావణమైన 7.4 పీహెచ్ బఫర్‌లో 3 గంటలు ఉంచాక, పెద్దపేగుకు బదులు 6.8 పీహెచ్ బఫర్‌లో 4 శాతం ఎలుక పెద్దపేగు పదార్థం కలపాలి. ఆ ఎలుకలకు ముందు వారంపాటు గ్వార్ ద్రావణం తాగిస్తేనే బ్యాక్టీరియాలో తగిన ఎంజైములు పెరుగుతాయి. ఆ బ్యాక్టీరియాకు గాలి పడదు, కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉండాలి. పేగు పదార్థం కలపని బఫర్‌లో ఇంకో మాత్రను పోలిక కోసం తప్పక పెట్టాలి. రెండింట్లోనూ మందు ఒకే తీరుగా వస్తే, బంక నీటిలో అరిగిందే తప్ప బ్యాక్టీరియా చేసిందేమీ లేదు. ఈ పోలిక లేని ప్రాజెక్టును మన జిల్లాల ఫార్మసీ కళాశాలలు ఆమోదించకూడదు.

యాంటీబయాటిక్స్ వాడేవారిలో బ్యాక్టీరియా తగ్గుతుంది, విరేచనాలున్నవారిలో మాత్ర త్వరగా జారిపోతుంది. ఇద్దరిలోనూ మందు పూర్తిగా అందకపోవచ్చు. ఇలాంటి మాత్రను నలిపి ఇస్తే బంక కాపలా పోయి మందు పెద్దపేగు చేరకముందే కరిగిపోతుంది.

తపసి బంకకు మంచి ధర రావాలంటే కొనుగోలు కేంద్రాల్లో బెరడు ఏరి, తేమ, చిక్కదనం కొలిచి, సేకరించిన నెల సంచి మీద రాయాలి. నిల్వ పెరిగేకొద్దీ ఆ బంక చిక్కదనం తగ్గి వెనిగర్ వాసన వస్తుంది.

– ఫార్మసీ ఉపాధ్యాయులు, నల్లగొండ