తమ్మన్నదొరను మరిచిన రంప చరిత్ర

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఏటా మే 7 వచ్చేసరికి మన పత్రికలన్నీ అల్లూరి సీతారామరాజును స్మరించుకుంటాయి. అది మన బాధ్యత, అందులో రెండో మాట లేదు. అయితే ఆ వ్యాసాల్లో రంప పితూరీ (తిరుగుబాటు) 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడితో మొదలై, 1924లో కొయ్యూరు దగ్గర కాల్పులతో ముగుస్తుంది. అదే కొండల్లో 1879 మార్చిలో పుట్టి, కారం తమ్మన్నదొర వంటివారి నాయకత్వంలో ఏడాదికి పైగా సాగిన రంప పితూరీకి ఒక్క వాక్యం దక్కితే గొప్ప. సాంఘికశాస్త్రం బోధించి విరమణ పొందిన నేను కూడా ఆ ఒక్క వాక్యాన్నే చాలా ఏళ్లు పిల్లలకు చెప్పాను. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తున్నందువల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పితూరీ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు కల్లు సంగతి తెలియాలి. మారేడుమిల్లి దగ్గర ఒక కొండరెడ్ల గూడెంలో జీలుగు చెట్టు నుంచి తెల్లవారుజామున దించిన కల్లును ఆకు దొప్పల్లో పోసి ఇంటిల్లిపాదీ, చివరకు ముసలివాళ్లు కూడా, తాగడం నేను దగ్గరుండి చూశాను. గాదెలో గింజలు అడుగంటి, పోడు పంట ఇంకా చేతికి రాని ఎండాకాలంలో వాళ్లకు అది మత్తు కోసం తాగేది కాదు, కడుపు నింపుకొనేది. అలాంటి కల్లును ఇంటి అవసరానికి కూడా గీసుకోకూడదని మద్రాసు ప్రభుత్వం 1870ల్లో ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, మన్యంలో కల్లు గుత్తను ప్రవేశపెట్టింది. రంప మన్సబ్‌దారు, అంటే ఆ కొండలకు ప్రభుత్వం గుర్తించిన దొర, అప్పటికే కల్లు చెట్టు మీద చిగురుపన్ను వసూలు చేస్తున్నాడు. దాని మీద మొదలుపన్ను అని మరో పన్ను కూడా కట్టాలని చాటింపు పడేసరికి కొండవాళ్ల ఓపిక తెగింది.

ఆ మన్సబ్‌దారు కూడా కొండలవారు ఎన్నుకున్న దొర కాడు. 1848లో కుంపణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం వారసత్వపు తగవును తేల్చి అతన్ని గద్దె మీద కూర్చోబెట్టి, ముఠాదారుల (ముఠా అనే కొన్ని ఊళ్ల సముదాయానికి పెద్దల) చేత అతనికి ఏడాదికి 8,750 రూపాయలు కట్టించే ఒప్పందం చేయించింది. తరువాత అతను ఆ ఒప్పందానికి కట్టుబడకుండా ముఠాలను ఒక్కొక్కటిగా లాక్కుంటూ, పన్నులు పెంచుకుంటూ పోయినా, అతని వెనక ప్రభుత్వ పోలీసులు ఉన్నారన్న భయంతో ఎవరూ నోరెత్తలేకపోయారు. దీనికి మైదానం షావుకార్లు తోడయ్యారు. ఉప్పుకో, చిల్లర రొక్కానికో వేలిముద్ర వేయించుకుని, కొండవాడికి దారి కూడా తెలియని మైదానపు కోర్టులో దావా వేసి, అతను హాజరు కాకుండానే డిక్రీ తెచ్చుకునేవారు. 5 రూపాయల బాకీ కింద 100 రూపాయల విలువైన పశువులను, పంటను తోలుకుపోయిన ఉదంతం బ్రిటిష్ వారే రాయించిన గోదావరి జిల్లా గెజిటీరులో ఉంది. ఆ జప్తులకు అండగా నిలిచింది పోలీసులే కనుక, పితూరీదారులు ముందుగా ఠాణాల మీదికే వెళ్లడంలో వింత ఏమీ లేదు.

రంపచోడవరం ప్రాంతంలో రాజుకున్న ఈ నిప్పు కొద్ది నెలల్లోనే విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. రేకపల్లివారికి తమ సొంత గోడు ఉంది. ఆ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్ అనే మరో బ్రిటిష్ రాష్ట్రం కింద ఉన్నప్పుడు గొడ్డలికి 4 అణాల చొప్పున కట్టి పోడు కొట్టుకునేవారు. 1874లో మద్రాసు పాలనలోకి వచ్చాక పన్ను మూడింతలైంది, కొన్ని అడవుల్లోకి అడుగే పెట్టవద్దన్నారు. కారం తమ్మన్నదొర, అడ్డతీగల ఠాణాను తగలబెట్టిన ద్వారబంధాల చంద్రయ్య, బోడులూరుకు చెందిన అంబుల్‌రెడ్డి ఈ తిరుగుబాటుకు నాయకులు. వీరిని అణచడానికి పొరుగు జిల్లాల నుంచి వందలాది పోలీసులతో పాటు మద్రాసు పదాతి దళానికి చెందిన ఆరు రెజిమెంట్లను, అశ్వికులను, రెండు కంపెనీల శాపర్లను (సైన్యపు ఇంజినీరింగ్ దళాలను), నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం నుంచి మరో రెజిమెంటును దించవలసి వచ్చింది. విల్లంబులు, తుప్పు పట్టిన నాటు తుపాకులు పట్టిన గూడేల మీదికి ఇంత సైన్యం కదిలిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదు? 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ హతమయ్యారు. పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు.

పితూరీ అణగిపోయిందని చెప్పి ఇక్కడ ఆగిపోవడం సరికాదని నా అభిప్రాయం. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ ముందు కొండవారి ఫిర్యాదులు న్యాయమైనవేనని తేలింది. ప్రభుత్వం మన్సబ్‌దారును తొలగించి, ముఠాదారులకు నేరుగా సనదులు (హక్కు పత్రాలు) ఇచ్చింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును తిరిగి ఇచ్చింది. ప్రాణాలు పోగొట్టుకుని కొండవాళ్లు సాధించుకున్న ఫలితాలివి. అయితే రెండేళ్లు తిరగకుండానే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కల్లు దక్కిందనుకుంటే పోడు చేజారింది. రిజర్వు అడవుల గీతలు గూడేల చుట్టూ బిగుసుకుంటూ వచ్చాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా గుంజిన చాకిరీ కూడా ఆ బాధకు తోడయ్యాక, గాం గంటందొర, మల్లుదొర సోదరులు సీతారామరాజు వెంట నడిచారు. 1879ని వదిలేసి 1922ను చెబితే, ఎక్కడినుంచో వచ్చిన ఒక మహావీరుడు అమాయకులను మేల్కొలిపిన కథగా అది మిగిలిపోతుంది. సీతారామరాజు వచ్చేనాటికే ఆ కొండలకు పోరాడటం తెలుసు, ఎందుకు పోరాడాలో కూడా తెలుసు.

గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసి, అప్పు మీద వడ్డీకి హద్దు పెట్టిన 1917 ఏజెన్సీ చట్టాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ 5 రూపాయల బాకీయే గుర్తుకొస్తుంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు, వాటిని బిగించిన 1970 సవరణకు మూలం ఆ చట్టంలోనే ఉంది. ఈ నిబంధనలను సడలించాలన్న మాట వినిపించినప్పుడల్లా, అవి ఎవరి నెత్తురుతో వచ్చాయో తెలిసిన తరం ఒకటి ఉండాలి కదా!

అందుకే రెండు విన్నపాలు. సల్లివన్ విచారణతో సహా 1879–80 నాటి ప్రభుత్వ కాగితాలను రాష్ట్ర ప్రభుత్వం తెలుగులోకి తెచ్చి ప్రచురించాలి. ఏజెన్సీ పెద్దలకు గుర్తున్న మాటలను కూడా వాటితో పాటే నమోదు చేయాలి. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి, రేకపల్లి ఉన్న వి.ఆర్.పురం మండలంలోనూ అనేక గ్రామాలు ముంపు జాబితాలో ఉన్నాయి కాబట్టి ఈ పనికి ఎక్కువ వ్యవధి లేదు. రెండోది మీకు. వచ్చే మే 7న సీతారామరాజు వ్యాసం పక్కనే, తమ్మన్నదొర మీద కూడా ఒక పూర్తి వ్యాసం ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం